అటు తిరిగి నిలబడ్డ మనిషి

మా భిలాయి ప్లాంటు స్టీల్ మెల్టింగ్ షాపులో ఎవరినైనా అడగండి, ఈ త్రినాథరావు గొంతు పెంచగా విన్నామని ఒక్కడంటే ఒక్కడు చెప్పడు. ఇరవై ఎనిమిదేళ్లుగా క్రేన్ కేబిన్‌లో కూర్చుంటున్నాను. కొలిమిలో కరిగిన ఉక్కుని లేడిల్ అనే బాల్చీలో పోస్తారు. బాల్చీ అంటే బాత్రూం బాల్చీ అనుకునేరు, కోహ్కాలో మా ఇంటి ముందుగది మొత్తం అందులో పట్టేస్తుంది. దాని నిండా సలసలా కాగే ఉక్కుని గాల్లో ఇటునుంచి అటు మోసుకెళ్లి, చుక్క తొణక్కుండా దించడం నా ఉద్యోగం. అలాంటి నేను, నా కూతురు మా పాత ఆల్టో నడపడం మొదలుపెట్టిన ఐదో నిమిషంలో, వీధికుక్కలు గోడ దూకి పారిపోయేలా అరిచాను. నా నోరు మంచిది కాదు. ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత మీచేత అనిపించుకోవడమెందుకు.

కూతురి పేరు సత్యశ్రీ. ఇరవై మూడేళ్లు. వ్యవసాయం చదివింది. రాజనాందగావ్‌లో మట్టి పరీక్షలు చేసే సంస్థలో ఉద్యోగం వచ్చింది. కారు వాళ్లే ఇస్తారు, ఊరూరా తిరిగి పొలాల్లో మట్టి సేకరించుకురావాలి. అక్టోబరు ఒకటిన చేరేనాటికి చేతిలో డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి, లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతున్న వాళ్లకి పోతుంది. డ్రైవింగ్ స్కూల్లో చేరతానంది. నేను ఒంటికాలి మీద లేచాను. అంతంత బరువులు మోసేవాడి కూతురికి బయటివాడు నేర్పడమేమిటి? నేనే నేర్పుతానన్నాను. నా భార్య రజనీకుమారి ఆ పూటే నుదురు కొట్టుకుంది.

నేర్పడం నాకు ఒకే రకంగా వచ్చు. అంత ఎత్తున కేబిన్‌లో కూర్చున్నవాడికి బరువు కింద ఏముందో కనపడదు. నేల మీద ఒక మనిషి నిలబడి చేత్తో సైగలు చేస్తాడు. ఎత్తు, దించు, ఇటు, అటు. ఆ ఒక్కడి చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యీ చూడకూడదు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. చెయ్యి బార్లా చాచి, అరచెయ్యి నేలవైపు పెట్టి అటూ ఇటూ ఆడిస్తే ఆగమని. ఆ సైగ ఎవడు చేసినా ఆగాల్సిందే. చీపురు పట్టుకున్నవాడు చేసినా, దారిన పోయేవాడు చేసినా ముందు ఆగాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఇదే మా పిల్లకి నేర్పాను. ఆదివారాలు పొద్దున్నే స్టేడియం పక్క మైదానంలో నేను మధ్యలో నిలబడి చేతులు ఊపుతుంటే అది నా చుట్టూ కారు తిప్పేది. వాకింగుకి వచ్చినవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. "నాన్నా, యే క్రేన్ నహీ హై, ఇది కారు," అనేది నవ్వుతూ. భిలాయిలో పుట్టిన పిల్ల, దాని నోట్లో సగం హిందీయే. అయినా నేర్చేసుకుంది. నేను చెయ్యి చాచడం, అది బ్రేకు తొక్కడం ఒక్కసారే జరిగేవి. నేను తెగ పొంగిపోయాను.

సెప్టెంబరు నాలుగున టెస్టు. ఎనిమిది అంకెలా గీసిన ట్రాకు మీద, పాతిన కర్రలకి తగలకుండా, ఎక్కడా ఆగకుండా నడపాలి. నేను కంచె బయట నిలబడ్డాను. మొదటి చుట్టు వంక పెట్టడానికి లేకుండా తిరిగింది. రెండో చుట్టులో వెనక చక్రం కర్ర మీదికి పోతున్నట్టు నాకనిపించింది. అంతే, నా చెయ్యి నన్నడక్కుండానే బార్లా లేచింది. సత్య చూసింది. నేర్పిన పాఠం నేర్పినట్టుగా బ్రేకు తొక్కేసింది. ఇంజను ఆగిపోయింది. ట్రాకు మధ్యలో బండి ఆగితే ఫెయిలు. ఆఫీసరు తన పని తాను చేశాడు, ఆయన్ని అనడానికేమీ లేదు. వెళ్లి చూస్తే చక్రానికీ కర్రకీ మధ్య రెండు జానల ఎడం ఉంది.

పిల్ల బయటికి వచ్చి, "నువ్వు ఆపమన్నావు, ఆపాను," అంది. తప్పు నాదని నేనైనా అనొచ్చు కదా. అనలేదు. "టెస్టులో నా ఏపు ఎందుకు సూసినావే?" అన్నాను. ఆ మాటకి నన్ను నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. పిల్ల మొహం చిన్నబోయింది. ఇంటికి నేనే నడుపుకొచ్చాను. అది తాళం ఫ్రిజ్ మీదున్న ఇత్తడి గిన్నెలో పడేసి గదిలోకి వెళ్లిపోయింది. మళ్లీ టెస్టు ఇరవై రెండున అని చెప్తే వినిపించుకోలేదు. ఆ ఉద్యోగమే వద్దనేసింది. కారు చూస్తే చేతులు చల్లబడిపోతున్నాయట. ఎక్కణ్ణుంచి ఎవరి చెయ్యి లేస్తుందోనని చూపు దారి మీద నిలవకుండా పక్కలకి పోతోందట. ఇది నాతో చెప్పలేదు, వాళ్లమ్మతో చెప్పింది. రజని ఆ సంగతి నాకు ఏ భాషలో చెప్పిందో ఇక్కడ రాయను.

ఇప్పుడు మా ఉస్తాద్ గురించి చెప్పాలి. గోవిందరావు ఉస్తాద్‌ది పలాస దగ్గర పల్లె. నాకు క్రేన్ నేర్పినవాడు. రిటైరై ఇక్కడే క్యాంప్ 1లో కొడుకు దగ్గరే ఉంటున్నాడు, డెబ్బై తొమ్మిదేళ్లు. మొదటిసారి నేను ఒక్కణ్ణే లేడిల్ ఎత్తిన రోజు, కేబిన్‌లో నా వెనక ఉండాల్సిన మనిషి నిచ్చెన దిగి కిందికి వెళ్లిపోయాడు. లేడిల్‌ని దించే స్టాండుకి కాస్త దూరంలో, నాకు కనపడేచోట నిలబడ్డాడు. నిలబడి, నాకు వీపు పెట్టి అటు తిరిగాడు. చేతిలో టీ గ్లాసు. నేనేమో పొద్దుటి సూర్యుణ్ణి గొలుసులకి తగిలించుకుని వస్తున్నాను. షాపు కప్పు దాకా అంతా నారింజ వెలుగు. ఆ వెలుగు ఆయన చొక్కా మీద పడి వీపు మొత్తం మెరుస్తోంది. ఆ మనిషి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వెనక్కి చూడలేదు. తీరిగ్గా గ్లాసెత్తి టీ తాగుతున్నాడు. తన ప్రాణం నిన్నగాక మొన్న వచ్చిన నా చేతుల్లో పెట్టి టీ తాగుతున్నాడు! నా మీద ఈయనకి ఇంత నమ్మకమా అనుకున్నాను. చేతుల్లో వణుకు ఎటు పోయిందో పోయింది. లేడిల్ స్టాండు మీద కూర్చున్న చప్పుడు కూడా కాలేదు. ఆ వీపుకి మనసులో ఎన్నిసార్లు దణ్ణం పెట్టుకున్నానో. తర్వాత వచ్చిన కుర్రాళ్లందరికీ ఈ కథే చెప్పాను. అలాంటి గుండె నాకు లేకపోయిందే అని ఆ టెస్టు తర్వాత రోజూ కుమిలిపోయాను.

పదిహేడున విశ్వకర్మ పూజ. ఆ రోజు మా షాపులో క్రేన్లకి బొట్లు పెట్టి, దండలు వేసి, కొబ్బరికాయ కొడతాం. ఏటేటా బూందీ పొట్లం ఒకటి ఉస్తాద్‌కి పట్టుకెళ్లడం నా అలవాటు. మధ్యాహ్నం డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి గుమ్మంలో సత్య, చేతిలో కారు తాళం. రజని ఉస్తాద్‌కి ఫోనులో అంతా చెప్పేసిందట. ఆయన సత్యకి ఫోను చేసి, మీ నాన్న తెచ్చే ప్రసాదం ఈ ఏడు ముట్టను, నువ్వు నడుపుకుని తెస్తేనే తింటాను అన్నాడట. తాతయ్య మాట కాదనలేక ఒప్పుకుంది గానీ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు షరతులు పెట్టింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవాలి. నోరు తెరవకూడదు. ఈ రెండిట్లో ఏది తప్పినా బండి రోడ్డు మీదే వదిలేసి ఆటో ఎక్కేస్తానంది. సరేనన్నాను. యాభై ఆరేళ్ల మనిషిని, చేతుల మీద కూర్చున్నాను.

మొదటి మలుపులోనే బండి ఆగిపోయింది. వెనక హారన్ల మోత. నోరు బిగబట్టుకున్నాను. అది కాసేపు అలాగే కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్లీ స్టార్టు చేసింది. సుపేలా దగ్గర పండగ జనం, ఈ-రిక్షాలు, రోడ్డు మధ్యలో తన సొంత ఇల్లన్నట్టు పడుకున్న ఆవు. నేనైతే ముందు హారన్ కొట్టి, తర్వాత ఆ ఆవు తాతముత్తాతల్ని కూడా తిట్టేవాణ్ణి. సత్య వేగం తగ్గించింది. కుడి అద్దం చూసింది, ఎడమ అద్దం చూసింది, ఆవుకీ రిక్షాకీ మధ్య ఎంత చోటుందో కళ్లతో కొలిచింది, దాటేసింది.

చేసేందుకు చేతులూ, అనేందుకు నోరూ లేక, అప్పుడు మొదటిసారి రోడ్డు వదిలేసి నా కూతురి వైపు చూశాను. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని చక్రం చూశాను, బ్రేకు చూశాను, ఎదురొచ్చే లారీ చూశాను. పిల్లని చూడలేదు. పెదవి లోపలికి మడుచుకుని, రెప్ప వేయకుండా చూస్తోంది. ఎదటివాడు మలుపు తిరుగుతాడని వాడికంటే ముందే దీనికి తెలుస్తోంది. చెవి పక్కన చెమట కారుతున్నా చెయ్యి తీసి తుడుచుకోవడం లేదు. నడక రానప్పుడు నా చూపుడు వేలు పట్టుకుని తూలుతూ తిరిగిన పిల్ల. ఇంత ఇనుమూ, లోపల నేనూ, బయట ఇందరి ప్రాణాలూ ఇప్పుడు ఆ రెండు చేతుల్లో ఉన్నాయి. ఎక్కణ్ణుంచి వచ్చింది దీనికి ఇంత నిబ్బరం? మా ఇంట్లో అయితే లేదు. మాట్లాడొద్దన్న షరతు ఉండడమే మంచిదయింది.

క్యాంప్ 1 సందులు ప్లాంటు కట్టే రోజుల్లో పనివాళ్ల కోసం పడినవి, మనుషులకీ సైకిళ్లకీ సరిపోయేంత వెడల్పు. ఉస్తాద్ ఇంటి సందుకి ఒకవైపు గోడలు, ఇంకోవైపు మూతలేని మురుగు నాలా. సత్య నెమ్మదిగా లోపలికి పోనిచ్చి ఇంటి ముందు ఆపింది. దిగి చేతులు దులుపుకున్నాను. రెండూ తిమ్మిరెక్కిపోయాయి.

ఉస్తాద్ గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బూందీ సత్య చేతి మీదుగానే తీసుకుని నోట్లో వేసుకున్నాడు. ఆయన భార్య సింహాచలమ్మ గారు స్టీలు గ్లాసుల్లో టీ తెచ్చి ఇచ్చారు. కాసేపు ప్లాంటు కబుర్లయ్యాయి. నాకేమో సత్యకి క్షమాపణ చెప్పాలని ఉంది, తిన్నగా చెప్పడం చేతకాదు. అందుకని ఆ మొదటి లేడిల్ రోజు సంగతి ఎత్తుకున్నాను. మీలా భయం లేని గుండె నాకు లేదు ఉస్తాద్, అది ఉండుంటే ఆవేళ పిల్ల టెస్టు పాడయ్యేది కాదు అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"భయం నేదని నీకెవడు సెప్పినాడ్రా? నా కాళ్లు వణికిపోతన్నాయి. నీ ఏపు తిరిగినానంటే నా మొకం నీకు కనపడిపోతాది. నా మొకం సూసినావంటే నీ సెయ్యి వణుకుతాది. అందుకే అటు తిరిగీసినాను," అన్నాడు.

మరి తీరిగ్గా టీ తాగారు కదా అన్నాను.

"గ్లాసులో టీయే నేదురా. ఉట్టి గ్లాసు."

ఇరవై ఎనిమిదేళ్లు దణ్ణం పెట్టుకున్న ఆ వీపుకి అవతల భయపడ్డ మొహం ఒకటి ఉందని ఒక్కనాడూ అనుకోలేదు. అంత భయాన్నీ ఆయన ఒక్కడే మింగాడు. నాకు మాత్రం మెరుస్తున్న వీపు చూపించాడు. ఆ ప్లాస్టిక్ కుర్చీలో బక్కచిక్కి కూర్చున్న ముసలాయన నాకు ఆ క్షణాన ముందెప్పటికన్నా పెద్దగా కనపడ్డాడు. సత్య తల వంచుకుని టీ ఊదుకుంటోంది. అంతా విన్నది.

ఇంతలో సందు ఆ చివర డప్పులు మోగాయి. కుర్రాళ్లు విశ్వకర్మ విగ్రహాన్ని ట్రాక్టరు మీద ఎక్కించి సందుకి అడ్డంగా నిలబెట్టారు. ఊరేగింపు రాత్రికి గానీ కదలదట. అంటే వచ్చిన సందులోనే వంద అడుగులు వెనక్కి పోవాలి, పక్కనే నాలా. వెనక్కి నడపడం సత్య మైదానంలో తప్ప ఎక్కడా చేసింది కాదు. నేను నడుపుతానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అదే అంటే, ఆ తాళం ఇత్తడి గిన్నెలో పడి మళ్లీ బయటికి రాదు. మింగేశాను. సత్య నా నోటి వైపు కాసేపు చూసి, నేనేమీ అనకపోయేసరికి వెళ్లి స్టీరింగు ముందు కూర్చుంది.

బండి రెండడుగులు కదిలిందో లేదో సందు సందంతా సిగ్నల్ ఇచ్చేవాళ్లే. ఆనే దో, రానీ రానీ అని పాన్‌డబ్బా అతను. ఎడమకి తిప్పమని ఒకావిడ, కాదు కుడికని డాబా మీద నుంచి ఇంకొకాయన, డిక్కీ మీద అరచేత్తో చరుస్తూ మరొకడు. పది చేతులు పది వైపులకి ఊగుతున్నాయి. అందులో ఒకడు అరచెయ్యి చాపాడు. బ్రేకు పడింది, ఇంజను ఆగింది. మళ్లీ స్టార్టు చేసింది, మళ్లీ ఎవడిదో చెయ్యి, మళ్లీ ఆగింది. షాపులో ఇన్నేళ్లూ వాడని గొంతంతా ఆ సందులో వాడేశాను. ఒక్కడి చెయ్యి కూడా లేవడానికి వీల్లేదన్నాను. తెలుగులో అన్నాను, హిందీలో అన్నాను, వచ్చీరాని ఛత్తీస్‌గఢీలో కూడా అన్నాను. సందు చప్పబడిపోయింది. అందరి చేతులూ దిగాయి. ఇక మిగిలింది నా చెయ్యి ఒక్కటే.

కారు కిటికీ దగ్గరికి వెళ్లాను. స్టీరింగు మీద పిల్ల వేళ్లు బిగుసుకుపోయి తెల్లబడ్డాయి.

"సైగ చెయ్యి నాన్నా, నువ్వు చూపిస్తే వస్తాను," అంది.

"సెయ్యను. నీకు రెండు అద్దాలున్నాయి, కళ్లున్నాయి. నాను సందు మొగలో నిలబడతాను, నా దగ్గరికొచ్చి ఆపు," అన్నాను. ఆవేళ టెస్టులో తప్పు నాదేనని కూడా అన్నాను. ఆ మాట అంత చిన్నదని తెలిసుంటే పదమూడు రోజుల కిందటే అనేసేవాణ్ణి.

సందు మొగ దాకా నడిచాను. రోడ్డు వైపు తిరిగి, కారుకి వీపు పెట్టి నిలబడ్డాను. అప్పుడు చూసుకున్నాను, చేతిలో ఇంకా సింహాచలమ్మ గారి టీ గ్లాసు ఉంది. అడుగున చుక్క లేదు.

వెనక ఇంజను స్టార్టయింది. చూడకుండా నిలబడడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. ప్రతి చప్పుడూ వెన్నులోంచి వినపడుతోంది. టైరు కింద గులకరాయి నలిగింది. అది గోడ వైపా, నాలా వైపా? బండి ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కొంచెం ముందుకి పోయి మళ్లీ వెనక్కి కదిలింది. సరిచేసుకుంటోందన్నమాట. నా కుడి చెయ్యి పాత అలవాటుకొద్దీ బార్లా లేవబోయింది, గ్లాసుతో సహా. ఏం చేయాలో తోచక గ్లాసు నోటికి పెట్టేసుకున్నాను. ఉట్టి గ్లాసులోంచి ఒక గుక్క తాగాను. ఇంకో గుక్క తాగాను. పళ్లు గ్లాసు అంచుకి తగిలి టకటకలాడుతున్నాయి. రోడ్డవతల టీ బండి ఆవిడ నా మొహం చూసి, ఏమైంది భయ్యా అంటూ స్టూలు మీద నుంచి లేచి నిలబడింది. నా మొహం ఎలా ఉందో ఆవిడ చూసింది, రోడ్డు మీద పోయేవాళ్లందరూ చూశారు. నా కూతురు చూడలేదు. నాకు అదే చాలు.

ఎంతసేపు పట్టిందో చెప్పలేను. పిక్కలకి వెచ్చగా పొగ తగిలింది. ఇంజను చప్పుడు నా నడుం దాకా వచ్చి నిలిచిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగిన చప్పుడు వినపడింది. సందు లోపల ఎక్కడో ఉస్తాద్ దగ్గాడు.

మొహం తుడుచుకుని అప్పుడు తిరిగాను. బంపరుకీ నా కాళ్లకీ మధ్య జానెడు చోటు. గోడకి గీత పడలేదు, నాలా అంచున మట్టి పెళ్ల కూడా రాలలేదు. సందు జనమంతా చేతులు కట్టుకుని గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. స్టీరింగు ముందు నా కూతురు, మొహమంతా చెమట, కళ్లు మెరిసిపోతున్నాయి. మరిగే ఉక్కుని ఇరవై ఎనిమిదేళ్లు దగ్గర్నుంచి చూసినవాణ్ణి నేను. లోకంలో అంతకు మించిన వెలుగు లేదనుకుంటూ వచ్చాను. అక్కడే రోడ్డు మీద మంత్రం వేసినట్టు నిలబడిపోయాను.

ఎక్కమని తలతో సైగ చేసింది. ఎక్కాను. చేతులు మళ్లీ తొడల కింద పెట్టుకోబోతే గ్లాసు అడ్డొచ్చింది. సత్య దాన్ని చూసింది. తీసుకుని, వంచి, లోపల ఏమీ లేదని చూసి, నా చేతికిచ్చేసింది.

"ఇరవై రెండున టెస్టు ఉంది కదా నాన్నా. చలోగే నా, వస్తావు కదా?" అంది.

తలూపాను.

"అయితే గ్లాసు తెచ్చుకో," అని గేరు వేసింది.